‘ఇప్పించగలరని ప్రార్థన’: కవరింగ్ లెటర్‌లో ఈ మాట ఉండాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా చెల్లెలు ఎం.ఏ. తెలుగు చేసింది. పిల్లల పుస్తకాలు వేసే ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫ్‌రీడర్ ఉద్యోగానికి అప్లై చేస్తోంది. కవరింగ్ లెటర్ తెలుగులోనే పంపమన్నారట. తను రాసింది ఇదీ:

‘‘అయ్యా, తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను ఎం.ఏ. తెలుగు పూర్తిచేసియున్నాను. తమ సంస్థ యందు పనిచేయుటకు మిక్కిలి ఆసక్తి కలదు. అప్పగించిన ఏ పనినైనా చేయగలను. కావున దయతో నాకు ఉద్యోగము ఇప్పించగలరని ప్రార్థన. ఇట్లు, తమ విధేయురాలు.’’

తప్పులేమీ కనబడలేదు కానీ, బడిలో రాసిన సెలవు చీటీలా అనిపించింది. అసలు ‘ఇవ్వగలరు’ అనకుండా ‘ఇప్పించగలరు’ అని ఎందుకంటాం? అది తీసేస్తే మర్యాద తగ్గుతుందా?

జవాబు:
సెలవు చీటీలా ఉందన్నారు, నాకూ అలాగే అనిపించింది. మనలో చాలామందికి తెలుగులో నేర్పిన దరఖాస్తు అదొక్కటే. ‘జ్వరము వచ్చినందున రెండు దినములు సెలవు ఇప్పించగలరని ప్రార్థన’ అని ఏడో తరగతిలో రాసిన చెయ్యి ఉద్యోగానికీ అదే రాస్తుంది.

ముందు మాట సంగతి. ‘ఇచ్చు’కు ప్రేరణార్థకం ‘ఇప్పించు’. చేయు–చేయించు, తిను–తినిపించు లాగే. ఇంకొకరి చేత ఇచ్చేలా చేయడం అని అసలు అర్థం. పెద్దాయన తన చేత్తో ఇవ్వడు, చెప్పి ఇప్పిస్తాడు. అడిగేవాడు సూటిగా ‘ఇవ్వండి’ అనడానికి జంకి ఒక మెట్టు కింద నిలబడతాడు. ‘గలరు’ కూడా ఇక్కడ ‘ఈదగలరు’లో లాగా సామర్థ్యం చెప్పదు, ‘గమనించగలరు’ అన్నప్పటి మెత్తదనమే. పాత అర్జీలు ‘దివ్య సముఖమునకు’ అని మొదలయ్యేవి చూడండి, ఇదీ ఆ వరసలోదే.

హెడ్మాస్టరు గారి దగ్గర ఆ వరస సరిపోతుంది, సెలవు ఇవ్వడం ఆయన దయ కాబట్టి. ఉద్యోగం ఇచ్చేవాళ్లకు మాత్రం పనిచేసే మనిషి అవసరం. ఈ అమ్మాయి తప్పులు పట్టుకోగలదా అని వాళ్లు వెతుకుతూ చదువుతారు. ఈ ఉత్తరంలో ఆసక్తి ఉంది, దయ ఉంది, ప్రార్థన ఉంది, ఆ ఒక్క ప్రశ్నకూ జవాబు లేదు. నాకు బాధ అనిపించేది ఇదే. ఎం.ఏ. చదివిన పిల్లకు చెప్పుకోవడానికి ఏదో ఉండే ఉంటుంది, ఈ మాటల కింద అది కనబడకుండా పోయింది.

‘చేయగలను’ అన్నచోటల్లా ‘చేశాను’ అని మార్చమనండి. మార్చబోతే ఏం చేసిందో, ఎక్కడ చేసిందో, ఎన్ని పేజీలో చెప్పక తప్పదు. ‘ఏ పనినైనా’ అన్నది ముందు తీసేయాలి. ఏ పనైనా చేస్తానన్నవాళ్లకు ఫలానా పని వచ్చని ఎవరూ అనుకోరు.

ఇంకొకరు:
నేను తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాను. మీరన్నది ఒప్పుకుంటాను గానీ, పెద్దలకు రాసేటప్పుడు ‘విధేయురాలు’ అంటే తప్పేముందండీ? వినయం మన భాషకు అందం కదా.

జవాబు:
మాస్టారూ, వినయం ఉండాల్సిందే. ‘విధేయురాలు’ అంటే చెప్పినట్టు నడుచుకునే మనిషి. కొలువులో ఉన్నవాళ్లు పై అధికారికి రాస్తే సరిపోతుంది, ఇంకా చేరని మనిషికి ముందే ఎందుకు? ‘భవదీయురాలు’ ఉంది కదండీ. ‘భవదీయ’ అంటే ‘మీ’ అనే. గౌరవం నిండుగా ఉంది, తలవంచడం లేదు.

ఇంకో సంగతి చెప్పాలని ఉంది. ‘దరఖాస్తు’ పారసీ నుంచి వచ్చింది, కోరిక అని అర్థం. ‘అర్జీ’ అరబ్బీ మాట నుంచి పారసీ మీదుగా వచ్చింది. దాని మూలంలో ఉన్నది ఎదుట పెట్టడం, చూపడం. ఇప్పుడు అర్జీ అంటే సోమవారం ప్రజావాణిలో కలెక్టరు గారికి ఇచ్చే కాగితమే గుర్తొస్తుంది కానీ, కవరింగ్ లెటర్‌కు ఆ పాత అర్థమే కావాలి. చేసిన పనిని ఎదుట పెట్టాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. కూర్చోబెట్టి అడిగితే ఒక్కొక్కటీ చెప్పింది. ఇన్నాళ్లూ అవి రాయదగ్గ విషయాలే కావనుకుందట! మళ్లీ ఇలా రాసింది:

‘‘ప్రూఫ్‌రీడర్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. మా కాలేజీ వార్షిక సంచికకు రెండేళ్లు ప్రూఫులు దిద్దాను. నిరుడు 120 పేజీలను ‘అను’ అనే పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చినప్పుడు చెదిరిన వత్తులన్నీ మూలంతో పోల్చి సరిచేశాను. మీవి పిల్లల పుస్తకాలు కాబట్టి, మూడో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పేటప్పుడు వాళ్లు తడబడే ఒత్తక్షరాలను ఒక నోటుబుక్కులో రాసుకున్న సంగతి కూడా చెబుతున్నాను. మీరు ఏదైనా ఒక పుట పంపితే దిద్ది చూపిస్తాను. ఇంటర్వ్యూకు పిలవవలసిందిగా కోరుతున్నాను. భవదీయురాలు.’’

ఇంటర్వ్యూకు ఆ నోటుబుక్కు కూడా తీసుకెళ్లమంటారా?

జవాబు:
తప్పకుండా తీసుకెళ్లమనండి. ‘వత్తులు’, ‘ఒత్తక్షరాలు’ రెండూ వాడింది. ప్రూఫ్‌రీడర్ ఉత్తరం కదా, ఏదో ఒకటే ఉంచమని చెప్పండి.