ఆటోబాన్‌పై మొదటిసారి: స్టుట్‌గార్ట్ నుంచి మ్యూనిక్

అన్నలకు, అక్కలకు నమస్కారం. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగంలో చేరి నెల కావస్తోంది. శనివారం అద్దె కారులో నలుగురం మ్యూనిక్ వెళ్తున్నాం, నడిపేది నేనే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు బాగా అలవాటు. ఇక్కడి ఎక్స్‌ప్రెస్‌వే, అంటే ఆటోబాన్‌పై వేగానికి హద్దు లేదంటారు, నిజమేనా?

జవాబు

తమ్ముడూ, అది సగమే నిజం. మీరు వెళ్లే ఆటోబాన్ ఏ8 మీద చాలాచోట్ల వేగ పరిమితి ఉంటుంది. ఉల్మ్‌కు ముందు కొండ ఎక్కే చోట దారి ఇరుకు, మలుపులు ఎక్కువ. పరిమితి లేని చోట కూడా గంటకు 130 కిలోమీటర్లు మించవద్దన్నది ప్రభుత్వ సూచన. మించితే జరిమానా లేదు. కానీ ప్రమాదం జరిగితే, తప్పు అవతలివాడిదైనా నష్టంలో కొంత వాటా నీ మెడకు చుట్టుకోవచ్చు.

నువ్వు భయపడాల్సింది వెనుక వచ్చేవాడి వేగానికి. ఇక్కడ బండ్లు కుడివైపున నడుస్తాయి కదా, 80లో పోతున్న లారీని దాటడానికి నువ్వు 110లో ఎడమ వరుసలోకి వస్తావు. అప్పుడు 100 మీటర్ల వెనుక 200లో వచ్చే కారు ఉంటే, నాలుగు సెకన్లలో నీ డిక్కీ దగ్గర ఉంటుంది. అందుకే అద్దం రెండుసార్లు చూడు, మెడ తిప్పి పక్కకు చూడు, ఆ తర్వాతే వరుస మారు. లారీని దాటగానే కుడికి వచ్చెయ్యి. ఔటర్ మీద ఏ పక్క సందు దొరికితే ఆ పక్క దూరిపోతాం కదా, ఆ అలవాటు ఇక్కడ ప్రాణం మీదకు తెస్తుంది. కుడివైపు నుంచి ఎవరైనా దాటుతారని ముందువాడు ఊహించడు. దానికి 100 యూరోల జరిమానా, నీ డ్రైవింగ్ రికార్డులో ఒక తప్పు పాయింటు కూడా.

వెనుకవాడు ఒకసారి లైటు కొడితే తిట్టినట్టు కాదు, దాటబోతున్నానని చెప్పడం. వెన్నంటి వస్తూ పదే పదే కొట్టేవాడిది మాత్రం నేరమే. అయినా నువ్వు కసితో బ్రేకు వేయకు, బెదిరి వేగమూ పెంచకు, చోటు దొరకగానే తప్పుకో. మధ్యవేలు చూపిస్తే నీ మీదే కేసవుతుంది!

ముందు కారుకు ఎంత దూరం ఉండాలంటే, స్పీడోమీటరు అంకెలో సగం మీటర్లు. రోడ్డు పక్కన తెల్ల గుంజలు 50 మీటర్లకు ఒకటి ఉంటాయి, వాటితో కొలుచుకో.

మరో జవాబు

పై జవాబులో అక్క చెప్పనిది ఒకటి ఉంది. ట్రాఫిక్ నెమ్మదించి ఆగబోతుంటే సైరన్ వినిపించేదాకా ఎదురుచూడకండి. ఎడమ చివరి వరుసవారు ఎడమ అంచుకు, మిగతావారంతా కుడికి జరిగి మధ్యలో అంబులెన్సుకు దారి ఉంచాలి. ఉంచకపోతే కనీసం 200 యూరోలు, రెండు పాయింట్లు, నెల రోజులు స్టీరింగు ముట్టకూడదు. మన లైసెన్సు ఇక్కడ నివాసం మొదలైన ఆరు నెలలే చెల్లుతుంది. దానితోపాటు ఇంటర్నేషనల్ పర్మిట్ గానీ జర్మన్ అనువాదం గానీ దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న

ధన్యవాదాలు. కారు మధ్యలో ఆగిపోతే?

జవాబు

వీలైనంత కుడి అంచుకు తీసి, నాలుగు ఇండికేటర్లూ వేసి, మెరిసే వెస్టు తొడుక్కుని, కుడివైపు తలుపు నుంచి దిగి రెయిలింగ్ అవతల నిలబడండి. కారులో కూర్చోవద్దు. చట్టప్రకారం బండికి ఒక వెస్టు చాలు, మీరేమో నలుగురు. ఇంకో మూడు కొనుక్కుని వెళ్లండి.