ఒక్కరే ఉండే అద్దె ఫ్లాట్‌కి 286 యూనిట్లా? ఎక్కడ పోతోంది?

ప్రశ్న (కొత్త అద్దెదారు):
సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఒక్కడినే ఉంటున్నాను. ఉదయం తొమ్మిదికి తాళం వేస్తే మళ్లీ రాత్రి ఏడుకే తీసేది. ఏసీ లేదు. ఓనర్ ఇచ్చిన పాత సింగిల్ డోర్ ఫ్రిజ్, 15 లీటర్ల గీజర్ (2000 వాట్లు), ఇండక్షన్ స్టవ్, ఒక ఫ్యాన్, వైఫై రౌటర్, సెట్‌టాప్ బాక్స్, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు ఉన్నాయి. గీజర్ స్విచ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. బిల్లులో 34 రోజులకు 286 యూనిట్లు చూపించారు. నా వాడకమే ఎక్కువా, మీటరు తప్పా? తేల్చుకోవడం ఎలా?

జవాబు (బిల్లు లెక్క):
ముందు వస్తువుల్ని అనుమానించకండి, బిల్లును చూడండి. బిల్లు మీది మీటరు నంబరు, మీ ఫ్లాట్ మీటరు మీద చెక్కిన నంబరు ఒకటేనా? వరసగా పది మీటర్లున్న బోర్డులో పక్క ఫ్లాట్‌తో తారుమారు కావడం అరుదేమీ కాదు. నంబరు కలిసినా సరిపోదు. మీ మెయిన్ స్విచ్ ఆపినప్పుడు ఆ మీటరు మీదే లోడు (నడుస్తున్న వాడకం) తగ్గిపోవాలి, అప్పుడే అది మీదని ఖాయం.

తర్వాత రీడింగ్. డిస్‌ప్లే ఒక్కో అంకె మారుస్తూ తేదీ, వోల్టేజ్, గరిష్ఠ డిమాండ్ అన్నీ చూపిస్తుంది. కేడబ్ల్యూహెచ్ (kWh, అంటే యూనిట్లు) అని ఉన్నప్పుడు కనిపించే అంకెనే పట్టుకోండి, బిల్లులోని ప్రస్తుత రీడింగ్ దానికంటే ఎక్కువ ఉండకూడదు. రీడింగ్ నిజంగా తీసిందా, తలుపు తాళం ఉందని సగటు వేసిందా అన్నది కూడా బిల్లులో ఉంటుంది. సగటు వేసి ఉంటే తర్వాతి అసలు రీడింగ్‌తో సర్దుబాటు కావాలి.

34 రోజులు అన్నారు, అదీ ముఖ్యమే. శ్లాబుల పద్ధతి ఉన్న చోట నాలుగు రోజులు ఎక్కువైతే యూనిట్లు పై శ్లాబులోకి జారతాయి. శ్లాబు హద్దులను కూడా 34 రోజులకు పెంచి లెక్కగట్టారో లేదో చూడండి. మీరు దిగిన రోజు రీడింగ్ ఫొటో ఉందా? లేకపోతే మొదటి బిల్లులో పాత అద్దెదారు యూనిట్లు కూడా కలిసి ఉండొచ్చు.

జవాబు (వైరింగ్ పని):
మీటరు మీద ఎర్ర లైటు మిణుకుతుంటుంది కదా, దాని పక్కన 3200 ఇంపల్స్ అనో 1600 అనో రాసి ఉంటుంది. 3200 ఉంటే 3200 మిణుకులకు ఒక యూనిట్. పది మిణుకులకు ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 11250ని ఆ సెకన్లతో భాగిస్తే ఆ క్షణాన నడుస్తున్న వాట్లు వస్తాయి. 1600 మీటరుకైతే 22500ని భాగించాలి.

ఇప్పుడు ఫ్లాట్ మెయిన్ ఆపండి. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపండి. ఐదు నిమిషాలు లైటు మిణకకుండా ఉంటే మీటరుకీ మెయిన్‌కీ మధ్య దొంగ లోడు లేదన్నట్టే. మిణికితే లెక్క రాసి ఇక్కడ పెట్టండి.

కొత్త అద్దెదారు:
మీటరు నంబరు సరిపోయింది, రీడింగ్ కూడా అసలుదే, దిగిన రోజు ఫొటోతో కలుస్తోంది. కానీ మెయిన్ ఆపినా మిణుకుతూనే ఉందండీ. మీటరు మీద 3200 అని ఉంది. పది మిణుకులకు 75 సెకన్లు పట్టింది. ఇంట్లో ఏదీ పనిచేయడం లేదు.

జవాబు (వైరింగ్ పని):
11250ని 75తో భాగిస్తే 150 వాట్లు. రోజంతా అలాగే ఉంటే 34 రోజులకు 122 యూనిట్లు. మీ బిల్లులో నలభై శాతం పైగా అదే.

కారణాలు రెండు. ఒకటి, మీటరుకీ మీ మెయిన్‌కీ మధ్య ఎవరో తీగ కలిపారు. మెట్ల లైట్లో, సీసీ కెమెరాల పెట్టెయో. రెండోది చాలామందికి తట్టదు: న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) కలిసిపోవడం. మీ మెయిన్ ఒంటి పోల్ ఎంసీబీ (ఒక్క తీగనే తెంపే బ్రేకర్ స్విచ్) అయితే అది ఫేజ్‌నే, అంటే కరెంటు వచ్చే తీగనే తెంపుతుంది, న్యూట్రల్ అలాగే ఉంటుంది. పక్క ఫ్లాట్ న్యూట్రల్ ఎక్కడో పెట్టెలో మీ న్యూట్రల్‌తో ముడిపడితే వాళ్ల కరెంటు మీ మీటరు గుండా తిరిగి వెళ్తుంది. దొంగతనం పట్టడానికని కొన్ని మీటర్లు ఫేజ్, న్యూట్రల్ రెండింటిలో ఏది ఎక్కువుంటే దాన్నే లెక్కిస్తాయి. ఇలాంటి మీటర్ల మీద 'ఎర్త్' అనే చిన్న లైటు వెలుగుతుంటుంది, అది చూడండి.

తేడా తేల్చడానికి టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే పరికరం) చాలు. మీ మెయిన్ ఆపి ఉండగా, మీటరు నుంచి బయటికొచ్చే ఫేజ్ తీగకొకసారి, న్యూట్రల్‌కొకసారి పట్టాలి. ఫేజ్‌లో సున్నా, న్యూట్రల్‌లో దాదాపు 0.65 ఆంపియర్లు చూపితే పక్కవాళ్ల న్యూట్రల్. ఫేజ్‌లోనూ అంతే ఉంటే దారిలో తీగ కలిపారు. పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, మీరు బోర్డు విప్పకండి. మీటరు సీలు మాత్రం ఎవరూ ముట్టకూడదు, అది సరఫరా సంస్థది, తెగితే తప్పు మీ మీదకొస్తుంది.

ఓనర్‌కి మాటతో కాక రాతగా చెప్పండి. మిణుకుల వీడియో, తేదీ, రీడింగ్ జతచేయండి. వైరింగ్ సరిచేయడం వారి బాధ్యత, మీ అద్దెలో సర్దుబాటు కూడా అడగొచ్చు.

జవాబు (బిల్లు లెక్క):
122 తీసేస్తే మిగిలేది 164, అంటే రోజుకి 4.8 యూనిట్లు. ఇది మీ వస్తువులకు సరిపోయే అంకే కాబట్టి మీటరు పరుగెడుతోందనే అనుమానం అక్కర్లేదు. పాత ఫ్రిజ్ 1.3, ఫ్యాన్ ఎనిమిది గంటలకు 0.6, రౌటర్, బాక్స్ కలిపి 0.5, ఇండక్షన్ 20 నిమిషాలకు 0.6, లైట్లు కొద్దిగా. పెద్దది గీజరే.

15 లీటర్లను 25 నుంచి 60 డిగ్రీలకు వేడి చేయడానికి 0.61 యూనిట్లు చాలు, 2000 వాట్ల గీజర్‌కి 18 నిమిషాల పని. స్నానం అయ్యాక కూడా ఆన్‌లో ఉంచితే ట్యాంకు చల్లారడం, థర్మోస్టాట్ మళ్లీ వేడెక్కించడం, ఇలా మీరు ఆఫీసులో ఉన్నంతసేపూ సాగుతుంది. స్నానానికి 20 నిమిషాల ముందు వేసి, లోపలికెళ్లేముందు ఆపేయండి.

ఫ్రిజ్‌ని మిణుకులతో కొలవకండి, కంప్రెసర్ ఆగుతూ నడుస్తుంది కాబట్టి మోసపోతారు. మిగతావన్నీ ఆపి 24 గంటల రీడింగ్ తేడా చూడండి, అయితే ఆ 150 వాట్ల తగులు తొలగించాకే. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూయండి. తేలిగ్గా జారి వచ్చేస్తే రబ్బరు మార్పించమని ఓనర్‌ని అడగండి.