తిరుపతి స్టేషన్ దగ్గరి పెద్దాయనకు వైద్యం అందాలంటే అర్జీ ఎలా రాయాలి?

తిరుపతి రైల్వే స్టేషన్ బయట, గోవిందరాజస్వామి గుడి వైపు ఫుట్‌పాత్ మీద అరవై దాటిన ఒక పెద్దాయన ఉంటున్నారు. కుడి మడమకు పుండు, దాని మీద ప్లాస్టిక్ కవర్ చుట్టుకున్నారు. తమిళంలో తనలో తానే మాట్లాడుకుంటారు, పేరు అడిగితే చెప్పరు. రాత్రి గస్తీ పోలీసులు ఓపిగ్గా నచ్చజెప్పి షెల్టర్‌కు తీసుకెళ్లారు. అక్కడ మూట బయట పెట్టమన్నారట, తెల్లారేసరికి మళ్లీ ఇక్కడికే వచ్చేశారు. ఆ మూట తప్ప ఆయనకు ఇంకేముంది! ఇంకోచోట ఆధార్ లేదని చేర్చుకోలేదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 సెక్షన్ 100 ప్రకారం, ఇలాంటివారిని పోలీసులు రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. పోలీసులను అడిగితే రాసివ్వమన్నారు. పుండు చూస్తే టెన్షన్‌గా ఉంది. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఇలా చేర్పించినవాళ్లు ఉంటే, ఆ అర్జీలో ఏమేం రాయాలో చెప్పగలరా?