సమస్యాపూరణం: «పన్ను గట్టని యింతియే ప్రజకు దిక్కు»

నిర్వాహకుడు:
కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం పూరించవలసిన తేటగీతి పాదం ఇది.

«పన్ను గట్టని యింతియే ప్రజకు దిక్కు»

పూరణ షార్లట్ డెస్పార్డ్ జీవితానికి సంబంధించినదై ఉండవలెనన్నది ఈసారి నియమం. ఆమెను ఎరుగని వారికోసం నాలుగు మాటలు చెబుతాను. 1844లో ఒక నౌకాదళాధికారి ఇంట పుట్టి, 1870లో మాక్సిమిలియన్ డెస్పార్డ్ అనే వర్తకుణ్ణి పెళ్ళాడి, నవలలు రాసుకొంటూ సంపన్నురాలిగా బ్రతికిన ఈమె, 1890లో భర్త మరణించిన తరువాత లండన్‌లోని బ్యాటర్సీకి వెళ్ళి, నైన్ ఎల్మ్స్ అనే కూలీల పేటలో ఇల్లు తీసుకొని అక్కడివారిలో ఒకతెగా ఉండిపోయింది. సోషల్ డెమోక్రటిక్ ఫెడరేషన్ తరఫునా, ఆ పిమ్మట ఇండిపెండెంట్ లేబర్ పార్టీ తరఫునా ఊరూరా తిరిగి సామ్యవాదాన్ని ఉపన్యసించింది. మహిళల ఓటుహక్కు కోసం 1907లో రెండుసార్లు హాలోవే జైలుకు వెళ్ళింది. ఆ ఉద్యమానికి నాయకురాండ్రైన తల్లీకూతుళ్ళు పాంక్‌హర్స్ట్‌ల ఏకఛత్రాధిపత్యం సరిపడక అదే ఏడాది మరికొందరితో కలిసి ఉమెన్స్ ఫ్రీడమ్ లీగ్‌ను స్థాపించింది. ఓటు లేనిదే పన్ను లేదన్నది ఆ ఉద్యమకారిణుల నినాదాలలో ఒకటి. పన్ను కట్టనందుకు అధికారులు ఆమె ఇంటి సామాను పలుమార్లు జప్తు చేశారు.

పాదంలో రెండు మెలికలున్నవని గమనించండి. పన్ను ఎందుకు కట్టలేదో చెప్పాలి. అట్టి స్త్రీ ప్రజకు దిక్కు ఎట్లయినదో కూడ చెప్పాలి. ఒకటి చెప్పి రెండవది విడిచిపెడితే సమస్య సగమే తీరినట్లు.

తెనాలి పద్యప్రియుడు:
గురువుగారికి నమస్సులు. నా పూరణ.

ఓటు లేదని చట్టమే వేటు వేయ
పన్ను మాత్రము గొనుటేమి పాడియనుచు
జప్తునకు బెదరక నిల్చె సాధ్వి యొకతె;
పన్ను గట్టని యింతియే ప్రజకు దిక్కు.

నిర్వాహకుడు:
పద్యం ధారాళంగా నడిచింది. మొదటి పాదంలో ప్రాసయతి చక్కగా కుదిరింది. ‘గొనుటేమి పాడి’ అన్నచోట ఉద్యమవాదమంతా ఇమిడిపోయింది. అయితే ‘సాధ్వి యొకతె’ అన్నది యతికోసం వచ్చి కూర్చున్న మాట. ఆ స్థానంలో ఏ దేశపు ఏ స్త్రీనైనా నిలబెట్టవచ్చును గనుక పద్యం ఎవరిదో తెలియకుండా పోయింది. ‘జప్తునకు బెదరక నిల్చె షార్లటమ్మ’ అనండి. గణాలూ చెడవు, జకార షకారాల యతిమైత్రీ నిలుస్తుంది. ఇక రెండవ మెలికను మీరు తాకనే లేదు. ‘ప్రజకు దిక్కు’ అన్నది గాలిలో వ్రేలాడుతున్నది.

విశాఖ ఉపాధ్యాయిని:
నమస్కారమండీ. పై లోటును దృష్టిలో పెట్టుకొని రాశాను.

బ్యాటరుసి వాడ పిల్లల పాలకొఱకు
వైద్యశాలను నెలకొల్పి, పస్తులున్న
వారి కన్నము పెట్టిన వనిత గనుక
పన్ను గట్టని యింతియే ప్రజకు దిక్కు.

నిర్వాహకుడు:
అమ్మా, బ్యాటర్సీని తేటగీతిలోకి ‘బ్యాటరుసి’గా ఒదిగించిన తీరు ముచ్చటగా ఉన్నది. విషయమూ యథార్థమే: ఆమె తన సొంత డబ్బుతో ఆరోగ్యకేంద్రాన్ని నడిపింది, యువకులకూ కార్మికులకూ క్లబ్బులు పెట్టింది, పని దొరకనివారికి అంబలి కేంద్రం ఏర్పాటు చేసింది. లాంబెత్‌లో పేదల చట్టం కింద ఏర్పడిన సంరక్షక మండలికి ఎన్నికై, అనాథాశ్రమాల వంటి ఆ వర్క్‌హౌస్‌లలో ముసలివారి దుర్దశను కళ్ళారా చూసినది కూడ. కాని మీ పద్యం చదివినవాడు ‘ఇంత దయగల తల్లి పన్ను మాత్రం ఎందుకు ఎగవేసింది?’ అని అడుగుతాడు. మొదటి పూరణ విడిచిన సగాన్ని మీరు పట్టుకొన్నారు, అది పట్టుకొన్న సగాన్ని మీరు విడిచారు.

కరీంనగర్ విద్యార్థి:
గురువుగారూ, ఇది నా తొలి ప్రయత్నం. తప్పులుంటే దిద్దగోరుతాను.

పతియు తానును గూడి యా పార్లమెంటు
ముందు నిలబడి గొంతెత్తి పలుకగానె
చెరను బెట్టిరి ధీరను సిగ్గులేక;
పన్ను గట్టని యింతియే ప్రజకు దిక్కు.

నిర్వాహకుడు:
నాయనా, తొలి ప్రయత్నంలోనే గణాలన్నీ సరిపోవడం సంతోషం. రెండవ పాదంలో ‘ము’కు ‘ప’ యతి చెల్లదు; ‘గొంతెత్తి మొఱలు వెట్ట’ అంటే సరిపోతుంది. అంతకంటె పెద్ద చిక్కు మొదటి పాదంలో ఉన్నది. ఆమె జైలుకు వెళ్ళేనాటికి భర్త పోయి పదహారేళ్ళు దాటింది. ‘పడతులను గూడి నడచి యా పార్లమెంటు’ అని మార్చండి.

పన్ను కథలో ఈ వైధవ్యం చిన్న సంగతి కాదు. ఆనాటి ఇంగ్లండు చట్టంలో వివాహిత ఆదాయం భర్త ఆదాయంలోనే కలిసిపోయేది, పన్నుకు బాధ్యుడు అతడే. 1912లో ఎలిజబెత్ విల్క్స్ అనే వైద్యురాలు పన్ను కట్టనని భీష్మించుకొంటే ప్రభుత్వం ఆమెను విడిచిపెట్టి, బడిపంతులైన భర్త మార్క్ విల్క్స్‌ను జైలులో పెట్టింది. పన్నుల గుమస్తా నేరుగా తన పేరుతోనే తాఖీదు పంపవలసి వచ్చిన వితంతువు గనుకనే షార్లట్ ఆ పోరాటంలో ముందు నిలబడగలిగింది. ఎవరైనా ఈ వింతమీద పూరణ చేస్తే చదవాలని ఉన్నది.

డల్లాస్ ప్రవాసి:
అందరికీ వందనాలు. మరొక కోణం నుండి ప్రయత్నించాను.

తోడబుట్టువు సేనాని, తుపకులకును
కాసు నీయక, కూలీల కడుపు నింప
సొమ్ము వెచ్చించె నక్క; యీ చోద్యమేమి?
పన్ను గట్టని యింతియే ప్రజకు దిక్కు.

నిర్వాహకుడు:
భేష్. రెండు మెలికలనూ విప్పిన మొదటి పూరణ ఇదే. తమ్ముడు జాన్ ఫ్రెంచ్ 1914లో ఫ్రాన్సుకు వెళ్ళిన బ్రిటిషు సేనకు అధిపతి; అక్క అదే యుద్ధానికి బద్ధవిరోధి. ఇంతటి వైరుధ్యాన్ని ఒక్క పాదంలో పెట్టడం మెచ్చదగినది. రెండు అభ్యంతరాలు మాత్రం ఉన్నవి. మూడవ పాదం పైకి చదివితే సొమ్ము వెచ్చించినది నక్క అనిపించే ప్రమాదమున్నది, ‘వెచ్చించె నగ్రజ, చోద్యమేమి’ అంటే తప్పుతుంది. రెండవది చరిత్రకు సంబంధించినది. ఆమె పన్ను నిరాకరించినది తుపాకులకు కాదు, ఓటు లేనందుకు. ఆ నిరాకరణ మహాయుద్ధానికి ముందటిది.

డల్లాస్ ప్రవాసి:
ఆర్యా, మొదటి సవరణ శిరోధార్యం. రెండవదానిపై ఒక మనవి. తమ్ముడు దక్షిణాఫ్రికాలోని బోయర్ యుద్ధంలో పేరు తెచ్చుకొన్న రోజులలోనే ఈమె ఆ యుద్ధాన్ని వేదికలపై ఖండించింది గదా. కనుక తుపాకుల ప్రస్తావన పూర్తిగా అకాలమైనది కాదనుకొంటాను. అయినప్పటికీ కారణం ఓటేనన్న మాట కాదనలేనిది గనుక మళ్ళీ రాశాను.

తోడబుట్టువు సేనాని, దొరతనమున
నోటు లేదని పన్నుపై వేటు వేసి
సొమ్ము కూలీల కొసగిన సోదరియగు
పన్ను గట్టని యింతియే ప్రజకు దిక్కు.

నిర్వాహకుడు:
ఇప్పుడు సమస్యాపాదం విడిగా అతికించినట్లు కాక, మూడవ పాదం నుండి అన్వయం తెగకుండా వచ్చింది. ఓటు వేటుల ప్రాసయతిని తెనాలి మిత్రుని నుండి అరువు తెచ్చుకొన్నట్లున్నారు. ఆయనకు అభ్యంతరముండదని ఆశిస్తాను. ఈ వారానికి ఇది ఉత్తమ పూరణ.

తెనాలి పద్యప్రియుడు:
అభ్యంతరమేమీ లేదు, అరువు తీర్చనక్కరలేదు. కాని పాదాన్ని ఇచ్చిన తమకే ఒక ప్రశ్న. 1918 డిసెంబరు ఎన్నికలో ఈమె నార్త్ బ్యాటర్సీ నుండి లేబర్ అభ్యర్థినిగా నిలబడి ఓడిపోయింది. తాను అన్నం పెట్టిన ప్రజలే గెలిపించలేదు. మరి ‘ప్రజకు దిక్కు’ అనడం న్యాయమేనా?

నిర్వాహకుడు:
మంచి ప్రశ్న. యుద్ధం ముగిసి నెల గడిచిందో లేదో, విజయోత్సాహంలో ఊగుతున్న జనం ముందు డెబ్బై నాలుగేళ్ళ వృద్ధురాలు శాంతి అంటూ నిలబడితే ఓట్లు రాలవు. ఆ ఎన్నికలో పోటీ చేసిన పదిహేడుగురు స్త్రీలలో గెలిచినది ఐర్లండులో కాన్‌స్టెన్స్ మార్కెవిచ్ ఒక్కతే. పైగా ఆ ఏడాది వచ్చిన చట్టం ముప్పై ఏళ్ళు నిండి, ఆస్తి అర్హత ఉన్న స్త్రీలకే ఓటిచ్చింది. ఆమె క్లబ్బులకు వచ్చే ఫ్యాక్టరీ పడుచులలో చాలామంది ఓటువేయలేని వారే. మగవారితో సమానమైన హక్కు 1928 దాకా రాలేదు. అదే నార్త్ బ్యాటర్సీ 1922లో బొంబాయి పార్సీ, కమ్యూనిస్టు అయిన షాపుర్జీ సక్లత్‌వాలాను గెలిపించింది. ఆ నేలను దున్నినవారిలో ఈమె ఒకతె అని నేను నమ్ముతాను. దిక్కు కావడానికి గెలుపుతో పని లేదు.

విశాఖ ఉపాధ్యాయిని:
మన నేలతో ఈ ఉద్యమానికి సంబంధమేమైనా ఉన్నదా అని మా విద్యార్థినులు అడిగారు. మదనపల్లెలో పాఠాలు చెప్పిన మార్గరెట్ కజిన్స్ కూడ ఐర్లండులో ఓటుహక్కు కోసం జైలుకు వెళ్ళినామెయేనని, షార్లట్ వలెనే దివ్యజ్ఞాన సమాజ సభ్యురాలని చెప్పాను. 1917లో అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్‌ను స్థాపించినవారిలో ఆమె ఒకరు. 1921లో మద్రాసు రాష్ట్రంలో స్త్రీలకు ఓటు రావడం వెనుక ఆ సంఘం కృషి ఉన్నది.

నిర్వాహకుడు:
సరిగా చెప్పారమ్మా. మదనపల్లె మీద వేరే వారం ప్రత్యేకంగా పాదం ఇస్తాను. వచ్చే వారానికి మాత్రం డెస్పార్డ్ కథనే కొనసాగిద్దాము. 1918లో జాన్ ఫ్రెంచ్ ఐర్లండుకు వైస్రాయిగా వెళ్ళాడు. అక్క అదే ఐర్లండులో స్వాతంత్ర్యవాదుల పక్షాన చేరి, ఐరిష్ ఉద్యమకారిణి మాడ్ గాన్‌తో కలిసి ఖైదీల రక్షణకు సంఘం పెట్టింది. దానికి తగిన తేటగీతి పాదం ఇది. ఇందులో అసంగతం లేదు గనుక సమస్య అనక పాదపూరణ అనే అందాము. మొదటి మూడు పాదాలలో తమ్ముడి పేరు గాని, అక్క పేరు గాని తప్పక రావలెను.

«అక్క చెరలోన తమ్ముడు నందలమున»