తినగ తినగనా, తినఁగఁ దినఁగనా?

బెంజ్ సర్కిల్ పంతులు: విజయవాడలో పిల్లలకు జావాస్క్రిప్ట్ చెబుతాను. అరే (విలువల వరుస) పాఠం మొదట్లో వేమన పాదం వేద్దామని 'తినగ తినగ వేము' అని రాస్తే, తోటి మాస్టారు రెండోదాన్ని 'దినగ' అని దిద్దారు. ఏది సరి? ఇంకొకటి. ఒక కుర్రాడు మార్కుల మీద ఫర్‌ఈచ్ (ఒక్కో విలువతో పని చేసి, తాను ఏమీ తిరిగి ఇవ్వనిది) నడిపి ఫలితం దాచుకోబోతే అన్‌డిఫైన్డ్, అంటే విలువ లేదని వచ్చింది. ఒక్కో ఫలితంతో కొత్త అరే ఇచ్చే మ్యాప్‌గా మార్చాడు. ఇప్పుడు అరే నిండా అన్‌డిఫైన్డ్‌లే.

అరసున్న, బ్రాడీపేట: 'తినఁగన్' ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. తర్వాతి పరుషం (క చ ట త ప) సరళం (గ జ డ ద బ) కావలసిందే. అరసున్నలు (ఁ) ఎగరగొట్టిన అచ్చు పుస్తకాల వల్లే ఈ తిప్పలు.

తెనాలి పాఠకుడు: ఛందస్సు మీకు సాక్ష్యం రాదు. ఆటవెలది రెండో పాదంలో యతి (పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు) 'తియ్య' దగ్గర. రెండో గణంలో తి ఉన్నా ది ఉన్నా దానికి పట్టదు. పైగా బ్రౌన్ 1829లో వేమనను అచ్చు వేసేనాటికి చిన్నయసూరి బాలవ్యాకరణమే లేదు, అది 1858. జనం నోట నలిగిన పద్యానికి సూరిగారి తక్కెడ ఎందుకు?

అరసున్న, బ్రాడీపేట: సూరి సూత్రం రాశారు, సంధిని పుట్టించలేదు. నన్నయ్యను తెరిచి చూడండి.

మంగళగిరి: మీ అరే ఈ పద్యంలోనే ఉంది కదా! తినగ తినగ అంటే అరేను ఒక్క విలువకు కుదించే రెడ్యూస్. ఒక్కో ఆకు రుచీ తర్వాతి ఆకుకు అందుతూ పోతుంది. మొదటి విలువ ఇవ్వడం మరవకండి, ఖాళీ అరే అయితే టైప్‌ఎర్రర్ కొడుతుంది.

అరసున్న, బ్రాడీపేట: కానే కాదు. వేము తీపెక్కలేదు, నాలుక మారింది. ఆకులు ఎప్పటిలా చేదే, మార్పంతా బయట. అచ్చమైన ఫర్‌ఈచ్!

తెనాలి పాఠకుడు: నాలుక ఊసు పద్యంలో ఏది? 'వేము తియ్యనుండు' అన్నాడు, అంతే. వేమన అనని మాట ఆయన నోట పెట్టకండి.

విద్యాధరపురం: పంతులుగారూ, మ్యాప్‌లో బాణం గుర్తు తర్వాత కర్లీ బ్రాకెట్లు పెట్టాడా? పెడితే లోపల రిటర్న్ రాయాలి. సంఖ్యలుగా మార్చేందుకు పార్స్‌ఇంట్‌ను మ్యాప్‌కు నేరుగా అప్పగించినా చిక్కే. అక్షరరూపంలో మూడు 10లు ఇస్తే 10, నాన్ (సంఖ్య కాదు), 2 వస్తాయి. మ్యాప్ పంపే స్థానసంఖ్యను పార్స్‌ఇంట్ సంఖ్యామానం (పదుల లెక్కా, రెళ్ల లెక్కా అన్నది) అనుకుంటుంది.

బెంజ్ సర్కిల్ పంతులు: బ్రాకెట్లు ఉన్నట్టే గుర్తు, రేపు చూస్తాను. ఇంతకీ బోర్డు మీద తి రాయనా, ది రాయనా?

అరసున్న, బ్రాడీపేట: ది. మూడో పాదం కూడా వేసేటట్టయితే 'సాధనమున పనులు' అని వేయకండి. 'సాధనమునఁ బనులు'.

తెనాలి పాఠకుడు: మళ్లీ మొదలుపెట్టారా!