హాస్టల్ విద్యార్థినులను మిల్లులకు, మగ్గాలకు దగ్గర చేయడం ఎలా?

నేను నల్గొండలో డిగ్రీ అధ్యాపకురాలిని. హాస్టల్లో ఒక అంతస్తును ఒకే అంశం చదివే విద్యార్థినులకు కేటాయించాలనుకుంటున్నాం. కలిసి ఉంటారు, కలిసి చదువుతారు, సాయంత్రాలు అధ్యాపకులూ వాళ్లతో కూర్చుంటారు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది.

ఆ చదువును చుట్టుపక్కల మిల్లులు, మగ్గాల పనితో ముడిపెట్టాలని మా ఆలోచన. మిర్యాలగూడ బియ్యం మిల్లులు మాకు దగ్గరే. 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన తేలియా రుమాలు వస్త్రం నేసే పుట్టపాకా దూరం కాదు. అక్కడ నేతకు ముందు ఆముదం కాయల బూడిద, నూనె కలిపిన నీళ్లలో నూలును రోజుల తరబడి నానబెట్టి పిసకడం కెమిస్ట్రీ పిల్లలు కళ్లారా చూడాలని నా కోరిక. కానీ నేతకారుల పని చెడకూడదు. వాళ్ల సమయానికి గౌరవ వేతనం ఏ పద్దు కింద ఇవ్వాలి? ఆడపిల్లలను మిల్లులకు పంపే ముందు యజమానులతో ఏయే షరతులు రాయించుకోవాలి? పాలమూరు వైపు ఎవరైనా ఇలాంటిది నడిపి ఉంటే ఒప్పందపత్రం నమూనా పంపగలరా?