పాత సీనరీ తెరలు ఆర్ట్ ఎగ్జిబిషన్‌కు ఇవ్వొచ్చా?

తిరుపతి స్టూడియో:

అందరికీ నమస్కారం. గాంధీరోడ్డుకు దగ్గర్లో మా నాయన కాలం నుంచి స్టూడియో ఉంది. ఇప్పుడు పాస్‌పోర్టు సైజు ఫొటోలు, పెళ్లి ఆల్బమ్‌లతో బండి నడుస్తోంది గానీ, అప్పట్లో మా ఇంటిల్లిపాదినీ పోషించింది ఒక్క గోపురం సీనరీ, అదే, ఫొటోకు వెనకాల కట్టే బొమ్మ తెర. గుడి లోపలికి కెమెరా తీసుకుపోనివ్వరు కదా. అందుకని గుండు చేయించుకుని, దర్శనం అయ్యి కొండ దిగినవాళ్లు, తల మీద గంధం ఆరకముందే వచ్చి ఆ తెర ముందు నిలబడేవాళ్లు. మహాద్వారం, వెనకాలే ఆనందనిలయం, పైన ఏడుకొండలు. నిజంగా ఏ మూల నిలబడ్డా ఇవన్నీ ఒక్క చూపులో కనపడవు, అది వేరే విషయం.

తెర గీసినాయన ఎండ ఎడమవైపు నుంచి వస్తున్నట్టు గీశాడు. మా లైటేమో కుడి గోడకు. గోపురం నీడ ఒక పక్కకు పోతే మనిషి నీడ ఇంకో పక్కకు పోయి మేఘం మీద పడేది! నాయన మనుషుల్ని రెండడుగులు ముందుకు జరిపి, మిగిలింది ప్రింటులో కత్తిరించేసేవాడు.

బెంగుళూరులో ఫైన్ ఆర్ట్స్ చదివే మా అక్క కూతురు ఆ తెర అడుగుతోంది. చిరిగిన అంచు, లైటు స్టాండు, కింద గచ్చు, అన్నీ పడేట్టు ఫొటో తీస్తుందట. పాత నెగటివ్‌లు కూడా కావాలంటోంది. ఇదేం కళ అంటే థామస్ డిమాండ్ అనే జర్మన్ ఆయన ఫొటో చూపించింది. 1987లో ఊవె బార్షెల్ అనే జర్మన్ రాజకీయ నాయకుడు జెనీవా హోటల్లో బాత్‌టబ్‌లో శవమై కనిపిస్తే, ఒక పత్రిక ఆ ఫొటో వేసింది. పదేళ్ల తర్వాత డిమాండ్ ఆ బాత్‌రూమ్‌ను కాగితం, అట్టలతో అసలు సైజులో కట్టి, మనిషి లేకుండా ఫొటో తీశాడు. కట్టినదాన్ని తర్వాత పారేస్తాడట. ఆయన అట్ట బాత్‌రూమ్ కళ అయితే, మా గోపురం డూప్లికేట్ ఎట్లా అయింది? ఇమ్మంటారా? నవ్వులపాలవుతామేమో అని టెన్షన్‌గా ఉంది.

చిత్తూరు ప్రెస్ (రిటైర్డ్):

అన్నా, డిమాండ్ ఫొటోలు దగ్గరగా చూడండి. 2000లో అమెరికా అధ్యక్ష ఎన్నికప్పుడు ఫ్లోరిడాలో ఓట్లు మళ్లీ లెక్కించారు కదా, ఆ గదిని 2001లో ఇట్లాగే కట్టాడు. బల్లల నిండా కాగితాల కట్టలే, ఒక్కదాని మీద కూడా అక్షరం ఉండదు. ముందు "ఇది టీవీలో చూసిందే" అనుకుంటాం. తర్వాత ఆ ఖాళీ కాగితాలు కంటికి ఆనతాయి. అప్పుడు అనుమానం ఈ ఫొటో మీదే కాదు, టీవీలో చూసినదాని మీదకు కూడా పోతుంది. గుట్టు దొరికే చోటు ఆయనే వదిలిపెడతాడు. మీ నాయన ఆ చోటును కత్తిరించేవాడు. నాకు కనిపించే తేడా అంతే, చేతిపనిలో కాదు.

ఇంకోటి. 2021 నవంబరు వానల్లో కపిలతీర్థం దగ్గర నీళ్లు విరుచుకుపడుతున్న వీడియో మా తమ్ముడికి పంపితే, "గ్రాఫిక్స్ బాగా చేశారు" అన్నాడు. నేను అక్కడే మోకాలిలోతు నీళ్లలో ఉన్నాను సామీ!

ఆల్బమ్ డిజైనర్, మదనపల్లె:

గ్రూపు ఫొటోకు రాని బావమరిదిని నేను అతికిస్తే పెళ్లివాళ్లు బిల్లులో తగ్గించమంటారు. కెనడాలో జెఫ్ వాల్ అనే ఆయన 1993లో, హొకుసాయ్ అనే జపాన్ చిత్రకారుడి బొమ్మ ఒకటి ఆధారంగా పెట్టుకుని, గాలికి కాగితాలు ఎగిరిపోయే దృశ్యం తీశాడు. నటుల్ని పెట్టి, ఏడాదికి పైగా వందకు మించి ఫొటోలు తీసి, కంప్యూటర్లో కలిపి ఒక్క క్షణంలా చూపించాడు. మేం చేసేదీ అదే పని. ఆయనకు టైమ్ ఇచ్చారు, మాకు రిసెప్షన్ లోపు కావాలంటారు.

పిల్లకు ఇచ్చేయండి అన్నా. మెట్ల కింద ఎలుకలు కొట్టే దానికంటే నయం.

పీలేరు పద్మ:

నేను ఒప్పుకోను. మా నాయనమ్మ ఫొటో అట్లాంటి తెర ముందు తీసిందే, ఇప్పటికీ పూజగదిలో ఉంది. అది గుడ్డ అని ఆమెకు తెలియదా? తన కాలితో ఆ గచ్చు మీదే కదా నిలబడింది. తెలిసే, భక్తితో నిలబడింది. గ్యాలరీలో ఏసీ కింద ఎవరో వచ్చి దాన్ని "భ్రమ" అని రాసుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఫొటోలతో కళ చేసే పుష్పమాల ఎన్. కూడా బెంగుళూరు ఆవిడే. క్లేర్ ఆర్ని అనే ఫొటోగ్రాఫర్‌తో కలిసి 2000 నుంచి 2004 వరకు చేసిన ఫొటోల్లో, రవివర్మ లక్ష్మీదేవితో సహా ఎన్నో పాత బొమ్మలకు తనే వేషం కట్టి నిలబడింది. ఎగతాళి ఉంటే అది ముందు తన మీదే పడుతుంది. మీ మేనకోడలు ఎవరెవరి గుండ్లో గోడకు పెట్టకుండా అట్లాంటిది చేస్తే నాకు అభ్యంతరం లేదు. తెర ఇవ్వండి, నెగటివ్‌లు ఇవ్వొద్దు. వాళ్లు ఫ్రేము కట్టించుకోవడానికి డబ్బులిచ్చారు గానీ, ఎగ్జిబిషన్‌కు కాదు.

తిరుపతి స్టూడియో:

పద్మమ్మా, మీ మాట పిల్లకు చదివి వినిపించాను. కాసేపు ఫోన్లో మాటే లేదు. తర్వాత నెగటివ్‌లు వద్దులే అంది. అయితే మనిషి లేకుండా మేఘం మీద నీడ పడదు కదా, "మామా, నువ్వే నిలబడు" అంటోంది. డై వేసుకోకుండా రావాలట. సరే అన్నాను. ఎగ్జిబిషన్లో నా మొహం చూసి నవ్వితే నవ్వనీ, అది నా మొహమే కదా.

ఇప్పుడు అసలు తలనొప్పి వేరే. నిన్న తెర చుట్ట బయటికి తీస్తే లోపల మడతలు అతుక్కుపోయి ఉన్నాయి, బూజు పట్టింది. లాగితే రంగు పొడిగా రాలుతోంది. ఎట్లా విప్పాలి?

నాటకాల తెరలు, కార్వేటినగరం:

లాగొద్దు. ఎండలో వేయొద్దు, తడిగుడ్డ అసలే వద్దు. ఆ కాలం తెరల్లో చాలావాటికి జిగురు కలిపిన పొడిరంగే, నీళ్లు తగిలితే గోపురం కారిపోతుంది. ఫ్యాను ఆపి, నీడలో శుభ్రమైన దుప్పటి పరిచి, ఇద్దరు రెండు పక్కలా పట్టుకుని జానెడు జానెడు విప్పండి. అతుక్కున్న చోట ఆగి, మెత్తటి బ్రష్‌తో అంచు నుంచి లోపలికి దులపండి. మళ్లీ చుట్టేటప్పుడు బొమ్మ బయటివైపు ఉండేట్టు, మధ్యలో బటర్ పేపర్ వేసి, లావుపాటి పీవీసీ పైపు మీద చుట్టండి. ముక్కుకు మాస్కు కట్టుకోండి, ఆ బూజు దుమ్ము ఛాతీకి మంచిది కాదు.